నాలుగు మార్కుల డార్విన్

పోయిన నెలలో కోవూరు దగ్గర ఒక పెళ్లి విందులో మూడో బంతిలో కూర్చున్నప్పుడు, జీవపరిణామ సిద్ధాంతం విలువ ఎంతో నాకు కచ్చితంగా తెలిసింది. నాలుగు మార్కులు. ఈ మధ్యనే హౌస్ సర్జన్సీ ముగించుకొని వచ్చిన, నాకు తమ్ముడి కొడుకు వరసయ్యే డాక్టరు పక్క విస్తరి నుంచి ఆ లెక్క తేల్చాడు. "నీట్‌లో డార్విన్ మీద ఒక బిట్టు వస్తుంది పెదనాయనా, నాలుగు మార్కులు. ఆ తర్వాత దాంతో డాక్టరుకు పనేముంది?"

అబ్బాయిని తప్పుపట్టడానికి వీల్లేదు. నెల్లూరు హాస్టళ్లలో రెండేళ్లు తోమించుకున్న బిడ్డ కనుక, జీవుల గుంపులో జన్యువుల పాళ్లను లెక్కగట్టే హార్డీ-వీన్‌బర్గ్ సూత్రాన్ని అర్ధరాత్రి లేపి అడిగినా అప్పజెప్పగలడు. ఆ తర్వాతి నాలుగున్నరేళ్ల ఎంబీబీఎస్‌లో పరిణామానికంటూ ఒక సబ్జెక్టే లేదు గనుక దాన్ని మరిచిపోవడానికి కావలసినంత తీరిక దొరికింది. ఇప్పుడు పదో తరగతి పిల్లలకు ఆ శ్రమ కూడా లేదు. 2023లో బడి పుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ వారు అధ్యాయం పేరులోంచి 'పరిణామం' అనే మాటను కోసేసి 'అనువంశికత'ను మాత్రం ఉంచారు. బిడ్డ తండ్రిని పోలి ఉంటాడని చదువుకోవచ్చు గానీ, తాతల తాతలెవరని మాత్రం ఆరా తీయకూడదన్నమాట.

డాక్టరుకు పనేముంది అన్న మాట వినగానే నాకు పొలమారింది. చేపల పులుసు అన్నం గాలిగొట్టంలోకి పోయి కళ్ల నీళ్లు తిరుగుతుంటే, "ఎవరో తలుచుకుంటున్నారు" అంటూ మా వదిన నెత్తిమీద తట్టింది. డార్వినే అయి ఉంటాడు. గాలి దారి, మెతుకు దారి గొంతులో ఒకదాన్నొకటి అడ్డదాటేటట్టు బుద్ధున్న మేస్త్రీ ఎవడూ కట్టడు. అన్నవాహిక గోడ నుంచే ఊపిరితిత్తి సంచి మొలిచిన పాతకాలపు చేపల ఏర్పాటు మనకు వారసత్వంగా వచ్చింది కాబట్టి, విస్తరిలోని చేపకు బదులు తీర్చుకునే అవకాశం దొరికింది.

ఈలోగా పందిట్లో డాక్టరున్నాడన్న వార్త పాకింది. జలుబు చేసిన ముసలమ్మ వచ్చింది. అబ్బాయి ఎంగిలి చెయ్యి తుడుచుకొని, శుభలేఖను తిరగేసి, అజిత్రోమైసిన్ ఐదువందలు, మూడు రోజులు అని రాశాడు. జలుబు తెచ్చేది వైరస్ అనీ, బాక్టీరియాను చంపే ఆ మాత్ర వైరస్‌ను ఏమీ చేయలేదనీ అతనికి తెలియక కాదు, అదీ ఒక బిట్టే. పెళ్లికూతురి మేనమామకు కడుపు కదిలింది, అదే మాత్ర. వంటమేస్త్రీకి ఒళ్లునొప్పులు, అదే మాత్ర. చెవి పోటన్న పిల్లవాడికి సగం మాత్ర. శుభలేఖలు అయిపోతే కిళ్లీ కాగితాల మీద రాశాడు. మా ఒంగోలు సీమలో పూర్వం మేలైన కోడెదూడను ఎంచి, దేవుడి పేర అచ్చువేసి, ఊరి ఆవులకు వదిలేవారు. అలా ఎంపిక చేసి చేసి నిలబెట్టిన జాతి బ్రెజిల్ దాకా పోయి 'నెలోర్' అనిపించుకుంది. ఆంబోతును ఎంచిన రైతు మేలైనదాన్ని ఎంచాడు. మా వాడు అచ్చోసి వదిలిన మాత్ర ఎవరిని ఎంచి బతికిస్తుందో అడిగేవాడు లేడు.

ఉన్నాడు, ఒకడున్నాడు. ఎదుటి వరసలో కూర్చున్న ఇందుకూరుపేట రొయ్యల రైతు, తనకూ రాయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు సామీ. గుంటలో మేమూ ఇట్టాగే కొట్టినాం. మొదటి పంటకు పనిచేసింది, మూడో పంటకు చెయ్యలా. చచ్చేది చచ్చింది, చావనిది పిల్లల్ని పెట్టింది." డార్విన్ 1859లో లావుపాటి పుస్తకం రాసి నిరూపించిన ప్రకృతి వరణాన్ని ఆయన విస్తరి మడిచేలోపు చెప్పి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. ఆయన రొయ్యలో మందు అవశేషం ఉంటే ఐరోపా రేవులో సరుకు వెనక్కి తిప్పుతారు. మన గొంతులను తనిఖీ చేసే రేవు ఎక్కడా లేదు.

పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే ఒక కథ చెప్పాడు: గొంతునొప్పి ఉన్నవాడు పెన్సిలిన్ కొనుక్కొని, క్రిములు చావడానికి చాలనంత, తట్టుకోవడం నేర్చుకోవడానికి సరిపోయేంత వేసుకుంటాడు, అవి అతని భార్యకు అంటుకొని, ఆమెకు మందు పనిచేయక చచ్చిపోతుంది. కల్పిత కథే. మా ఇంట్లో మాత్రం కాదు. నా చెల్లెలికి మూత్రం పోవడానికి పెట్టిన గొట్టం నుంచి ఇన్‌ఫెక్షన్ సోకితే, కల్చర్ రిపోర్టులో సిప్రోఫ్లాక్సాసిన్ ఎదుట 'ఆర్', సెఫ్ట్రియాక్సోన్ ఎదుట 'ఆర్', మెరోపెనెమ్ ఎదుట 'ఆర్'. ప్రతి 'ఆర్'కూ ఇక ఆ మందు పనిచేయదనే అర్థం. చివరికి కిడ్నీలు పాడవుతాయని ఏనాడో పక్కన పెట్టిన కొలిస్టిన్ ఎక్కించారు. 2019లో నిషేధించేదాకా ఆ మందునే ఈ దేశంలో కోళ్లు బరువెక్కాలని మేతలో కలుపుతూ వచ్చారు. ఆ క్రిమి నా చెల్లెలి ఒంట్లో రాటుదేలలేదురా! ఎవడో జలుబుకు రాసిన మాత్రల్లో, ఎవడో కోళ్లకు పోసిన బస్తాల్లో, పనేముందని అడిగిన ప్రతివాడి చేతి కింద తరతరాలుగా రాటుదేలి, ఆమె మంచం దాకా వచ్చింది. పదకొండో రోజున ఆమెను ఇంటికి తెచ్చుకున్నాం. ఎలా తెచ్చుకున్నామో రాయను.

పెళ్లివారి ఇల్లు గనుక ఆ పూట ఇదేమీ అనలేదు. ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే జేబులో శుభలేఖ కనిపించింది. వెనుక వైపు నా పేరు, వయసు, అజిత్రోమైసిన్ ఐదువందలు, మూడు రోజులు. పొలమారినందుకు.