ఎమిలీ డికిన్సన్‌కి ఎవరూ లేరన్న ఆ మెసేజ్ ఇక పంపకండి

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఆరోసారి. మొదట కాలేజీ స్నేహితుల గ్రూపులో వచ్చింది, తర్వాత కవిత్వం గ్రూపులో, నిన్న మా పిన్ని దగ్గర్నుంచి. పైన కొవ్వొత్తి బొమ్మ, కింద పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ గురించి ఈ మాటలు:

"ఎమిలీ డికిన్సన్ పాతికేళ్లు గది దాటలేదు. ఆమెకు ఒక్క స్నేహితుడు కూడా లేడు. ప్రేమలో మోసపోయి తెల్లబట్టలు కట్టింది. ఒకే ఒక్కసారి ఒక పెద్ద విమర్శకుడికి కవితలు పంపితే పనికిరావన్నాడు. ఆ దెబ్బతో ఇంకెవరికీ చూపించలేదు. బతికుండగా ఒక్క కవితా అచ్చు కాలేదు. పోయాక చెల్లెలు పెట్టె తెరిస్తే 1,800 కవితలు! నిజమైన ప్రతిభకు ఎవరూ అక్కర్లేదు. మీరూ రాసింది ఎవరికీ చూపించకండి. స్నేహితుల సలహా ప్రతిభకు చెదపురుగు."

మా మేనకోడలు ఇంటర్ చదువుతోంది. కవితలు రాస్తుంది. ఆదివారం పొద్దున్నే ఫోటో తీసి నాకు పంపేది. మూడు వారాలుగా పంపడం లేదు. ఎందుకని అడిగితే మాట్లాడకుండా ఇదే మెసేజ్ నాకు పంపింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

చిన్న విషయాలు ముందు తేల్చేస్తాను. తెల్లబట్టలు కట్టుకుంది, నిజమే. దాన్ని ప్రేమకు ముడిపెట్టడానికి ఆధారం లేదు. ప్రేమలో మోసపోయింది అన్నది కథ. "మాస్టర్" అని సంబోధించిన మూడు ఉత్తరాల చిత్తుప్రతులు దొరికాయి, ఆ మాస్టర్ ఎవరో ఈ రోజుకీ తేలలేదు. యాభై ఏళ్ల వయసు చుట్టుపక్కల ఆమె జడ్జి ఓటిస్ లార్డ్‌ని ప్రేమించింది, ఆయనా ఆమెను ప్రేమించాడు. "కాదు అన్నదే మనం భాషకు అప్పగించే అన్నిటికన్నా అడవి మాట అని మీకు తెలియదా" అని ఆయనకు రాసింది. ఇలా రాసిన మనిషిని జీవితమంతా ఏడుస్తూ కూర్చున్నదానిగా చూపించడం అన్యాయం. ఇక అచ్చు సంగతి. బతికుండగా దాదాపు పది కవితలు అచ్చయ్యాయి, పేరు లేకుండా. పది తక్కువే. కానీ సున్నా కాదు.

పాతికేళ్లు గది దాటకపోవడం. 1864లో, 1865లో కంటి వైద్యం కోసం నెలల తరబడి అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో, నార్‌క్రాస్ ఇంటి పినతల్లి కూతుళ్ల దగ్గర ఉంది. ఆ తర్వాత ఊరు దాటలేదు, అది ఒప్పుకుంటాను. "మా నాన్నగారి నేల దాటి ఏ ఇంటికీ, ఏ ఊరికీ వెళ్లను" అని 1869లో తనే రాసింది. 1874లో ఆ తండ్రి పోతే అంత్యక్రియలు కింద జరుగుతుండగా తను పైన గదిలోనే ఉండిపోయింది. ఆ ఏకాంతాన్ని నేను తక్కువ చేయను. కానీ మనిషి బయటికి రాలేదంటే మనుషులు లేరని కాదు. ఆమె ఉత్తరాలు రాసింది. ఇప్పటికి దొరికినవి 1,300 దాటాయి. దాదాపు వంద మందికి రాసినవి. రాసినవాటిలో ఇవి కొంత భాగమే అంటారు పండితులు. స్నేహితులు లేని మనిషి ఈ ఉత్తరాలన్నీ ఎవరికి రాసినట్టు?

మరి ఎవరూ లేరన్న మాట ఇంతమంది ఎందుకు నమ్మారు? ఆమె 1886 మేలో పోయాక చెల్లెలు లవీనియా మొదట చేసిన పని, ఎమిలీకి వచ్చిన ఉత్తరాల్ని తగలబెట్టడం. అక్క కోరిక అది. ఆ రోజుల్లో అలా చేయడం మామూలే. కవితల గురించి అలాంటి మాటేమీ లేదు కాబట్టి అవి మిగిలాయి. అంటే ఆమె పంపిన ఉత్తరాలు అవతలివాళ్ల బీరువాల్లో బతికాయి, ఆమెకు వచ్చినవి చాలా మటుకు బూడిదయ్యాయి. పక్క గదిలో ఎవరో ఫోన్లో మాట్లాడుతుంటే మనకు ఒకవైపు మాటలే వినిపిస్తాయి. అవతల ఎవరూ లేరని అనుకుంటామా?

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. "ఒక పెద్ద విమర్శకుడు పనికిరావన్నాడు, ఇంకెవరికీ చూపించలేదు." ఈ ఒక్క వాక్యంలో రెండు అబద్ధాలు ఉన్నాయి, రెండోది పిల్లల్ని పాడుచేసే అబద్ధం.

ఆ విమర్శకుడు థామస్ వెంట్‌వర్త్ హిగ్గిన్సన్. బానిసత్వాన్ని వ్యతిరేకించి పోరాడినవాడు. 1862 ఏప్రిల్‌లో కొత్తగా రాసేవాళ్లకు సలహాలిస్తూ అట్లాంటిక్ మంత్లీ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అది చూసి ఏప్రిల్ 15న ఎమిలీ ఆయనకు నాలుగు కవితలు పంపింది. "నా పద్యం బతికుందో లేదో చెప్పే తీరిక మీకుందా" అని అడిగింది. కింద సంతకం లేదు. పేరు వేరే చిన్న కవరులో కార్డు మీద రాసి పెట్టింది. ఆయన ఏం జవాబు రాశాడు? ఎవరికీ తెలియదు, ఆ ఉత్తరం లేదు. మరి "పనికిరావు" అన్న మాటను మెసేజ్ రాసినాయన ఏ ఉత్తరంలో చదివాడు? మనకున్నది ఆమె తిరిగి రాసిందే. ఆయన విమర్శను శస్త్రచికిత్స అంటూ, దానికి కృతజ్ఞతలు, అనుకున్నంత నొప్పిగా లేదు అంది, మరికొన్ని కవితలు జత చేసింది. పద్యాల నడక కుదురుగా లేదని, అచ్చుకు తొందరపడొద్దని ఆయన అన్నట్టు ఆమె మాటల్ని బట్టే తెలుస్తుంది. అచ్చు సంగతికి ఆమె నవ్వేసింది. చేప రెక్కకు ఆకాశం ఎంత దూరమో తనకు ఆ ఆలోచన అంత దూరం అంది.

ఆ దెబ్బతో మానేసిందా? పండితుల లెక్క ప్రకారం మరుసటి ఏడాది 1863లో ఆమె రాసినవి దాదాపు 300 కవితలు. హిగ్గిన్సన్‌కి 24 ఏళ్ల పాటు రాస్తూనే ఉంది, దాదాపు వంద కవితలు పంపింది. ఆయన నల్లజాతి సైనికుల దళానికి నాయకుడిగా అమెరికా అంతర్యుద్ధానికి వెళ్తే అక్కడికీ రాసింది, "మీరు అసంభవం అయిపోకముందే మిమ్మల్ని చూసి ఉండాల్సింది" అని. 1866లో పెంపుడు కుక్క చనిపోతే ఆయనకు చెప్పుకుంది: "కార్లో చనిపోయింది. ఇప్పుడు నాకు పాఠం చెబుతారా?" ఉత్తరం మొత్తంలో దాదాపు అంతే. 1870 ఆగస్టులో ఆయన ఆమె ఊరు ఆమ్‌హర్స్ట్ వచ్చినప్పుడు రెండు లిల్లీపూలు చేతిలో పెట్టి, ఇవే నా పరిచయం అంది. కొత్తవాళ్లను చూడను, భయంగా ఉంది అంటూనే ఆగకుండా మాట్లాడింది. నా నరాల సత్తువను ఇంతగా పీల్చేసిన మనిషి ఇంకెవరూ లేరని ఆయన భార్యకు రాశాడు. ఆయన ఆమె కవిత్వాన్ని పూర్తిగా అర్థం చేసుకున్నాడని నేననను. కానీ ఆమె "మీరు నా ప్రాణం కాపాడారు" అని ఆయనకు రాసింది. ఆ మాటను కొట్టేసే హక్కు మనకెక్కడిది?

ఆ మొదటి ఉత్తరంలోనే "నాకు అడగడానికి ఎవరూ లేరు" అని ఒక వాక్యం ఉంది. ఒంటరి కథ చెప్పేవాళ్లకు ఇది బలమైన సాక్ష్యంలా కనిపిస్తుంది. కానీ అది అపరిచితుడైన ఒక రచయిత ముందు కొత్త కవి పెట్టుకున్న ముఖం. ఆ రోజుకే ఆమె అడుగుతోంది, జవాబూ అందుకుంటోంది, పక్కింట్లోంచి.

పక్కిల్లు అన్నగారిది. వదిన సూసన్. పెళ్లికి ముందు నుంచే ఇద్దరూ స్నేహితులు. రెండిళ్ల మధ్య నడిచే దారి ఉంది, ఆ దారిన ముప్పై ఏళ్లు చీటీలు నడిచాయి. ఎమిలీ ఒక్క సూసన్‌కే 250కి పైగా కవితలు పంపింది. ఎవరికీ చూపించలేదట!

1861లో జరిగిన ఒక్క సంగతి చెబుతాను. సమాధుల్లో నిద్రపోయేవాళ్ల మీద, పాలరాతి గదుల్లో భద్రంగా ఉన్నారంటూ మొదలయ్యే కవిత ఒకటి ఎమిలీ పంపింది. రెండో చరణం బాగాలేదని సూసన్‌కి అనిపించింది కాబోలు, ఎమిలీ దాన్ని మార్చి మళ్లీ పంపింది. ఇదీ నాకు నచ్చలేదు అని సూసన్ మొహమాటం లేకుండా రాసింది. వేసవి రాత్రి కళ్లు బైర్లు కమ్మించే మెరుపులా అద్భుతంగా ఉంది గానీ మొదటి చరణంలో ఉన్న ఆ మసక వెలుగుతో కలవడం లేదంది. మొదటి చరణానికి జోడీ లేదు, నీ రాజ్యంలోనే లేదేమో, అది తలుచుకున్నప్పుడల్లా చలేసి మంట దగ్గరికి వెళ్తాను అంది. ఎమిలీ అలిగి పెట్టె మూయలేదు. ఇంకో చరణం రాసింది, చీటీ పెట్టింది. నీ మెచ్చుకోలు నాకు మంచిది, ఎందుకంటే దానికి తెలుసునని నాకు తెలుసు. ఎప్పటికైనా నువ్వూ అన్నా నన్ను చూసి గర్వపడేలా చేయగలిగితే నా పాదాలు ఎత్తు పెరుగుతాయి, అంది. ఇంగ్లిషులో కాలికీ పద్యంలోని గణానికీ ఒకటే మాట. మనకూ పాదం అంటే కాలూ, పద్యపాదమూ. ఆ చమత్కారం ఏమీ పోకుండా తెలుగులోకి వచ్చేస్తుంది. మరుసటి ఏడాది మార్చిలో ఆ కవిత స్ప్రింగ్‌ఫీల్డ్ రిపబ్లికన్ పత్రికలో అచ్చయింది. ఆ పత్రిక సంపాదకుడు సామ్యూల్ బౌల్స్ కూడా ఆ కుటుంబానికి దగ్గర స్నేహితుడే, ఆమె ఉత్తరాలు అందుకున్నవాడే.

చెదపురుగు అంటే ఇదా?

హెలెన్ హంట్ జాక్సన్ పేరు కూడా చెప్పాలి. అదే ఊళ్లో, అదే 1830లో పుట్టిన ఆవిడ. అమెరికా ఆదివాసులకు ప్రభుత్వం చేసిన ద్రోహం మీద 1881లో పుస్తకం రాసిన రచయిత్రి. "నువ్వు గొప్ప కవివి. గొంతెత్తి పాడకపోవడం నువ్వు బతుకుతున్న కాలానికి చేసే అన్యాయం" అని ఎమిలీని మందలించింది. పట్టు వదలకుండా అడిగి అడిగి 1878లో ఒక సంకలనంలో గెలుపు మీద రాసిన కవితను అచ్చు వేయించింది. పేర్లు లేని సంకలనం అది. చదివినవాళ్లలో కొందరు ఆ కవిత అప్పటి పేరున్న రచయిత ఎమర్సన్‌ది అనుకున్నారు.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి, నాకు కష్టంగా ఉన్నా సరే. స్నేహితులు పాడుచేస్తారన్న దాంట్లో కొంత నిజం ఉంది. 1866లో రిపబ్లికన్ ఆమె పాము కవితను అచ్చు వేస్తూ మూడో పాదంలో విరామచిహ్నం మార్చింది. దోచుకున్నారని ఆమె బాధపడింది. ఆమె పోయాక 1890లో హిగ్గిన్సన్, ఆ కుటుంబానికి తెలిసిన మేబెల్ లూమిస్ టాడ్ కలిసి తెచ్చిన పుస్తకంలో కవితలకు లేని శీర్షికలు పెట్టారు, ప్రాసలు సరిచేశారు, ఆమె పద్యాల్లో వాడిన అడ్డగీతలు (డాష్‌లు) తీసేశారు. ఆమె రాసింది రాసినట్టుగా పూర్తిగా చదవడానికి 1955 దాకా ఆగాల్సి వచ్చింది. అన్నకు రాసిన ఉత్తరాల్లో సూసన్ మీద ప్రేమ చూపిన చోట్ల చెరిపేసిన గుర్తులున్నాయి. ఒంటరి అన్న కథకు ఆ చెరిపివేత కూడా సాయం చేసింది. కాబట్టి మెసేజ్ రాసినాయన స్నేహితుల్ని గుడ్డిగా నమ్మొద్దు అని ఉంటే నేనూ తల ఊపేవాణ్ణి. ఎమిలీ కూడా ఎవరి మాటా గుడ్డిగా వినలేదు. హిగ్గిన్సన్ నడక సరిచేయమంటే సరిచేయలేదు. కానీ చూపించడం మానలేదు. అడగడం మానలేదు.

మేనకోడలా, ఇది నువ్వు చదువుతావని తెలుసు. నీ కవిత నాకే పంపాలని లేదు. నీకో సూసన్‌ని వెతుక్కో. నచ్చకపోతే నచ్చలేదని చెప్పే మనిషిని.

మెసేజ్‌లో లేనిది ఒకటి మిగిలింది. ఎమిలీ మొదటి ఉత్తరంలో హిగ్గిన్సన్‌ని అడిగిన ప్రశ్న ఇంకోటి ఉంది, నా పద్యం ఊపిరి తీసుకుంటోందని మీకనిపిస్తోందా అని. 1886 మే మొదట్లో, తను మంచంలో ఉండి, ఆయన ఆరోగ్యం బాగాలేదని విని, ఆయనకు ఆఖరి ఉత్తరం రాసింది. రెండే ప్రశ్నలు. "దేవుడు ఇప్పుడు బతికున్నాడా? నా స్నేహితుడు ఊపిరి తీసుకుంటున్నాడా?" కొద్ది రోజులకే ఆమె పోయింది. హిగ్గిన్సన్ ఆమ్‌హర్స్ట్ వచ్చాడు. అంత్యక్రియల్లో నిలబడి ఆమెకు ఇష్టమైన ఇంగ్లిష్ రచయిత్రి ఎమిలీ బ్రాంటీ పద్యం చదివాడు.