నోటీసు కాలంలో సెలవు వస్తే ఆ బరువు ఎవరిది?

ఆగస్టు ఒకటో తేదీన ఇంగ్లండ్‌లో ఉండే నా స్నేహితురాలు తన చైల్డ్‌మైండర్‌కు, అంటే రుసుము తీసుకుని పిల్లలను తన ఇంట్లోనే చూసుకునే మనిషికి, ఈమెయిల్ పంపింది. సెప్టెంబరు నుంచి బాబును నర్సరీలో చేరుస్తున్నామని, ఒప్పందం ప్రకారం నాలుగు వారాల నోటీసు ఇస్తున్నామని రాసింది. నిజానికి ఈ సంగతి జూలై మధ్యలోనే నోటిమాటగా చెప్పింది, సాయంత్రం ఆమె గుమ్మంలో కూర్చుని బాబు బూట్ల పట్టీలు బిగిస్తూ. నోటీసు రాతపూర్వకంగా ఉంటేనే చెల్లుతుందని ఒప్పందంలో ఉంది కాబట్టి ఆ మాట లెక్కలోకి రాలేదు. అసలు చిక్కు అది కాదు. ఆగస్టులో రెండు వారాలు చైల్డ్‌మైండర్ సెలవులో ఉంటుంది. ఆ రెండు వారాలు నోటీసులో కలవవని, గడువు సెప్టెంబరు మధ్య వరకు సాగుతుందని ఇన్‌వాయిస్ వచ్చింది. వారానికి 240 పౌండ్ల చొప్పున, బాబు ఆ ఇంట్లో అడుగే పెట్టని రెండు వారాలకు 480 పౌండ్లు.

ఇద్దరం కూర్చుని ఒప్పందం తిరగేశాం. ఎవరు విరమించుకున్నా నాలుగు వారాల నోటీసు ఇవ్వాలని రెండో పేజీలో ఒక వాక్యం. చైల్డ్‌మైండర్ సెలవుల్లో రుసుము ఉండదని నాలుగో పేజీలో ఇంకో వాక్యం. ఈ రెండూ ఒకే నెలలో ఎదురుపడితే ఏం చేయాలో ఎక్కడా లేదు.

ఇంగ్లండ్‌లో ఇలాంటి గొడవలు ముదరడానికి ఒక అపోహ కారణమని నా అభిప్రాయం. మనలో చాలామంది చైల్డ్‌మైండర్‌ను మనం జీతమిచ్చి పెట్టుకున్న మనిషిగా భావిస్తారు. మన ఇంటికి వచ్చి పిల్లలను చూసే నానీ విషయంలో అది నిజం. ఆమె సాధారణంగా మన ఉద్యోగి. ఏడాదికి 5.6 వారాల జీతంతో కూడిన సెలవు ఆమెకు చట్టం ఇచ్చిన హక్కు. నెల రోజులు పనిచేశాక ఆమెను మానిపించాలంటే కనీసం వారం నోటీసు ఇవ్వాలి, వెళ్లేనాటికి మిగిలిన సెలవులకు డబ్బు కట్టివ్వాలి. చైల్డ్‌మైండర్ తన ఇంట్లో సొంతంగా వృత్తి నడుపుకునే మనిషి. ఆమెకు మన నుంచి చట్టబద్ధమైన సెలవు జీతం రాదు, నోటీసు ఇన్ని వారాలని చట్టం నిర్ణయించలేదు కూడా. ఉన్నదంతా ఇద్దరూ సంతకం చేసిన కాగితమే. బడులను, పిల్లల సంరక్షణను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్ ఆమెను నమోదు చేస్తుంది, తనిఖీ చేస్తుంది. రుసుముల తగాదాలో మాత్రం తలదూర్చదు. ఫిర్యాదు చేస్తామని బెదిరించే తల్లిదండ్రులు ఇది తెలుసుకోవాలి.

చైల్డ్‌మైండర్ వైపు నుంచి చూడకుండా తీర్పు చెప్పడం అన్యాయం. నిబంధనల ప్రకారం ఒంటరిగా పనిచేసే చైల్డ్‌మైండర్ ఎనిమిదేళ్లలోపు పిల్లలను ఒకేసారి ఆరుగురికి మించి చూడకూడదు. వారిలో బడి ఈడు రాని పసివాళ్లు సాధారణంగా ముగ్గురే ఉండాలి. రోజంతా ఉండేది ఆ ముగ్గురే కాబట్టి ఇంటి ఖర్చు నడిచేదీ ప్రధానంగా వాళ్ల మీదే. ఒక బిడ్డ వెళ్లిపోతే ఆ రాబడిలో మూడో వంతు ఒక్కసారిగా పోతుంది. యాభై మంది పిల్లలున్న నర్సరీకి ఒక ఖాళీ పెద్ద దెబ్బ కాదు, ఆమెకు ఆ నెల అద్దె. పైగా సెప్టెంబరులో నాలుగేళ్ల పిల్లలు బడికి వెళ్లిపోతారు కాబట్టి ఖాళీలన్నీ వేసవి చివర్లోనే మీద పడతాయి. ఆమె సెలవు తేదీలు ముందే తెలిసి, రుసుము లేని ఆ వారాలు కలిసివచ్చేలా సరిగ్గా చూసుకుని నోటీసు ఇచ్చే తల్లిదండ్రులూ ఉన్నారు. ఆమె ఇన్‌వాయిస్ వెనక ఉన్న భయం ఇదే. ఆ భయం నాకు అర్థమైంది, అయినా ఆ ఇన్‌వాయిస్ న్యాయమని ఒప్పుకోలేకపోయాను.

నోటీసు శిక్ష కాదు, ఎదుటివారికి ఇచ్చే వ్యవధి. తల్లిదండ్రులు నోటీసు ఇస్తే ఖాళీ నింపుకోవడానికి ఆమెకు వ్యవధి, ఆమె నోటీసు ఇస్తే ఇంకో చోటు వెతుక్కోవడానికి తల్లిదండ్రులకు వ్యవధి. కాబట్టి సెలవు ఎవరు తీసుకున్నారో దాని బరువు వారే మోయాలి, తమ సెలవుతో ఎదుటివారి వ్యవధిని గానీ డబ్బును గానీ తినకూడదు. తల్లిదండ్రులు నోటీసు ఇచ్చి తామే రెండు వారాలు ఊరికి వెళ్తే పూర్తి రుసుము కట్టాలి, ఎందుకంటే ఆమె తలుపు తెరిచే ఉంది. ఆమె నోటీసు ఇచ్చి ఆ నాలుగు వారాల్లో తనే రెండు వారాలు సెలవుకు వెళ్తే గడువు పొడిగించాలి. లేకపోతే తల్లిదండ్రులు ఒకపక్క ఆ రెండు వారాలకు ఎవరినో బతిమాలుకుంటూ, ఇంకోపక్క శాశ్వతంగా మరో చోటు వెతకాలి. ఇక నా స్నేహితురాలి విషయంలో, నోటీసు ఇచ్చింది తల్లి, సెలవు చైల్డ్‌మైండర్‌ది. గడువు మామూలుగా నడవాలి. ఆ రెండు వారాల రాబడి ఆమె జనవరిలో సెలవు తేదీలు ఖరారు చేసుకున్నప్పుడే వదులుకున్నది, బాబు మానేయడం వల్ల పోయింది కాదు.

చట్టం కూడా ఇటే మొగ్గుతుంది. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం 69వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలోని వాక్యానికి రెండు అర్థాలు వస్తే వినియోగదారుడికి ఎక్కువ అనుకూలమైన అర్థాన్నే తీసుకోవాలి. చైల్డ్‌మైండర్ ఇచ్చిన ఒప్పందంలో వినియోగదారుడు తల్లి లేదా తండ్రి. సెలవు వారాలు నోటీసులో కలవవని స్పష్టంగా రాసి ఉంటే వాదన వేరే దారి పట్టేది. అప్పుడు కూడా అన్యాయమైన నిబంధన కట్టుబడదని అదే చట్టం 62వ సెక్షన్ చెబుతుంది. మరుసటి సోమవారమే కొత్త పాప చేరి, అదే స్థానానికి రెండు వైపులా డబ్బు తీసుకుంటానంటే సమర్థించుకోవడం కష్టం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 10,000 పౌండ్ల వరకు తగాదాలకు చిన్న మొత్తాల కోర్టు ప్రక్రియ ఉంది. అయితే 480 పౌండ్ల కోసం బిడ్డను ఏడాదిన్నర ఒడిలో పెట్టుకుని చూసిన మనిషిని కోర్టుకు లాగడం నాకు ఊహకు కూడా రుచించదు.

ఇంతకంటే కనిపించని చిక్కు నెలవారీ సమాన వాయిదాలది. ఏడాదికి 48 పనివారాలు, వారానికి 240 పౌండ్లు అనుకుందాం. మొత్తం 11,520. పన్నెండుతో భాగిస్తే నెలకు 960. సెలవుల నెలలోనూ, పని నెలలోనూ కట్టేది అంతే కాబట్టి అందరికీ హాయి. బిడ్డ జనవరిలో చేరి జూన్ చివర మానేసిందంటే అప్పుడు లెక్క బయటపడుతుంది. ఆరు నెలల్లో కట్టింది 5,760, అంటే 24 వారాల సొమ్ము. ఆ 26 వారాల్లో చైల్డ్‌మైండర్ ఒక్క వారమే సెలవు తీసుకుని ఉంటే 25 వారాలు చూసింది, తల్లిదండ్రులే ఆమెకు 240 బాకీ. మూడు వారాలు తీసుకుని ఉంటే చూసింది 23 వారాలు, 240 ఆమే తిరిగివ్వాలి. వాయిదా పద్ధతి ఎంచుకున్నవాళ్లు, మధ్యలో మానేస్తే చివరి లెక్క చూసిన వారాల మీద తేలుస్తామని ముందే రాసుకోవాలి. చేరేటప్పుడు కట్టిన డిపాజిట్‌ను చివరి వారాల్లో సర్దుకోవచ్చో లేదో కూడా అక్కడే తేల్చుకోవాలి.

పిల్లల సంరక్షణకు ప్రభుత్వం డబ్బు కట్టే గంటలు వాడుకునేవారికి ఇంకో జాగ్రత్త. 2025 సెప్టెంబరు నుంచి ఇంగ్లండ్‌లో అర్హులైన ఉద్యోగస్థుల పిల్లలకు తొమ్మిది నెలల వయసు దాటాక వారానికి 30 గంటల వరకు వస్తున్నాయి, ఏడాదికి 38 వారాల చొప్పున. ఆ సొమ్ము స్థానిక కౌన్సిల్ ద్వారా చైల్డ్‌మైండర్‌కు అందుతుంది. బడి టర్మ్ మధ్యలో చోటు మారితే మిగిలిన గంటలు కొత్త చోటికి వెంటనే వస్తాయా అన్నది కౌన్సిల్ నియమాన్ని బట్టి ఉంటుంది. నోటీసు పంపకముందే కౌన్సిల్‌ను అడగాలి, పంపాక అడిగితే బేరమాడే వీలుండదు.

స్నేహితురాలు చైల్డ్‌మైండర్‌కు మళ్లీ రాసింది, ఈసారి కోపం తగ్గాక. 69వ సెక్షన్ ప్రస్తావన తెచ్చింది గానీ చివరి పేరాలో. మొదటి పేరా అంతా బాబు గురించే. వాడు అన్నం తినడం నేర్చుకున్నది ఆమె వంటింట్లో, మొదటిసారి పరుగెత్తింది ఆమె పెరట్లో. మూడు రోజులకు ఫోను వచ్చింది. సెప్టెంబరు సొమ్ము వదులుకుంటానని చైల్డ్‌మైండర్ చెప్పింది. ఆగస్టు చివరి శుక్రవారం బాబు తన నీలం కప్పు తెచ్చుకుని వచ్చేశాడు.

ఆ ఇంట్లో ఇప్పుడు కొత్తగా చేరే పిల్లల ఒప్పందంలో రెండు వాక్యాలు చేరాయి. జూలై, ఆగస్టులలో ఇచ్చే నోటీసుకు గడువు ఆరు వారాలు. ఆమె సెలవులు ఆ ఆరు వారాల్లో భాగమే, వాటికి రుసుము లేదు.