పండగ ఫిజిక్సు గారికి ఓ విన్నపం

మహారాజశ్రీ పండగ ఫిజిక్సు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. కనుమ నాడు కాకైనా కదలదంటారు. మేం కదిలాం. గారెలు తిన్న చెయ్యి ఆరకుండానే, "పండగ వెనక ఫిజిక్సు చెబుతాం, ప్రయోగాలు చూపిస్తాం, పిల్లల్ని తీసుకురండి" అన్న మీ మాట నమ్మి వచ్చి మీ ఉపన్యాసానికి హాల్లో కూర్చున్నాం. ప్రొజెక్టరు వెలుగుతుందా లేదా అన్నదే ప్రయోగమని తర్వాత తెలిసింది.

హరిదాసు ఒక్క రాత్రిలో అన్ని ఇళ్లూ తిరగాలంటే ఎంత వేగం కావాలో లెక్క కట్టారు. అది క్రిస్మస్ తాత లెక్క కదండీ! టోపీ తీసి అక్షయపాత్ర పెట్టారంతే. మా హరిదాసు పొద్దున్నే నడిచొస్తాడు, బియ్యం తేవడం ఆలస్యమైతే పక్కింటికి పోతాడు. భోగి మంట దగ్గర మొహం కాలిపోతుంటే వీపు ఎందుకు వణుకుతుందో చెప్పొచ్చుగా? ఊహూఁ.

అవన్నీ పోనిద్దురూ. ఆ సూర్యుడి స్లైడు మాత్రం నాకు మింగుడు పడట్లేదు. సంక్రాంతి రోజున సూర్యుడు ఉత్తరానికి తిరుగుతాట్ట! ఆయన తిరిగి మూడు వారాలు దాటిందండీ. డిసెంబరు 21, 22 తేదీల్లోనే దక్షిణపు కొస తాకి వెనక్కి మళ్లాడు. సంక్రాంతి నాడు జరిగేది నక్షత్రాల లెక్కన మకరరాశిలో అడుగు పెట్టడం. భూమి అక్షం బొంగరంలా తల తిప్పుకుంటూ దాదాపు 26,000 ఏళ్లకి ఓ చుట్టు చుడుతుంది. అందుకే ఒకప్పుడు, సుమారు 1,700 ఏళ్ల కిందట, ఒకేసారి వచ్చిన ఆ రెండు రోజులూ 70 ఏళ్లకో రోజు చొప్పున ఎడమైపోయాయి. ఇంత కథ చేతిలో పెట్టుకుని ఫార్వర్డు మెసేజీ చదువుతారా? మా మామ్మ చెబితే చేతులు జోడిస్తాం. ఫిజిక్సని బ్యానరు కట్టి మీరెలా చెబుతారు?

ఓ పిల్ల లేచి, "జనవరి మొదట్లోనే కదండీ భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది, మరి చలెందుకు?" అనడిగింది. అక్షం వాలు గురించి ఒక్క ముక్క చెబితే సరిపోయేది. "ప్రశ్నలు చివర్లో" అన్నారు. చివర్లో ఫొటోలు దిగారు. సిగ్గుండాలి.

సరిగ్గా ఆ వేళకి మా కోనసీమలో కనుమ తీర్థం జరిగే జగ్గన్నతోట దారిలో, దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసుకెళ్లే ప్రభలు కౌశిక కాలవ దిగుతున్నాయి. వెదురుతో కట్టిన అంతెత్తు ప్రభ, కింద భుజాలు, కాళ్ల కింద జారే బురద. ఓ పక్కకి వొరిగిందో, గరిమనాభి, అంటే బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసే బిందువు, మోసేవాళ్లని దాటి బయటికి పోతుంది. ఆ పక్క కుర్రాళ్లు "అశ్శరభ! శరభ!" అంటూ భుజం ఎగదోస్తారు, ప్రభ మళ్లీ నిలబడుతుంది. ఇది వదిలేసి మిమ్మల్ని చూశాం.

వచ్చే కనుమకి ప్రొజెక్టరు ఇంట్లో పడేసి రండి. భోజనం మా ఇంట్లోనే. తర్వాత మీరూ ఓ భుజం పట్టండి, నడుస్తూ గరిమనాభి గురించి ఎంతసేపు చెప్పినా వింటాం, ఆయ్. కాలవ మధ్యలో "ప్రశ్నలు చివర్లో" అంటే మాత్రం కుదరదు.

ఇట్లు,
ప్రభలు తప్పిపోయిన ఓ అంబాజీపేట వాడు