లెఫ్టినెంట్ గవర్నర్ అంటే... ఎక్కడి లెఫ్టినెంట్ గవర్నర్?

2022 నవంబరులో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా అరుణా మిల్లర్ గెలిచినప్పుడు మన వాట్సాప్ గ్రూపులు ఊగిపోయాయి. హైదరాబాద్‌లో పుట్టినావిడ కదా, ఊగాల్సిందే. అయితే మా గ్రూపులో ఒక పెద్దాయన "బైడెన్ మన తెలుగావిడకి ఎల్‌జీ పోస్టు ఇచ్చాడు" అని పెట్టారు. దాని కింద వరసబెట్టి దండాలు, పూలగుత్తులు!

అయ్యా, బైడెన్ ఇచ్చిందీ కాదు, అది పోస్టింగూ కాదు. గవర్నర్ అభ్యర్థి వెస్ మూర్‌తో జోడీగా నిలబడి, జనం ఓట్లతో గెలిచిన పదవి అది.

పెద్దాయన్ని అని లాభం లేదు. మనకి తెలిసిన ఎల్‌జీలు వేరు. యానాం వాళ్ళని అడగండి. చుట్టూ ఆంధ్రా, ఏలుబడి మాత్రం పుదుచ్చేరిది. అక్కడ ఎల్‌జీని వేసేది రాష్ట్రపతి. కిరణ్ బేడీ ఉన్నన్నాళ్లూ ముఖ్యమంత్రి నారాయణస్వామితో పేచీలే. 2019 ఫిబ్రవరిలో ఆయన ఎల్‌జీ ఉండే రాజ్‌నివాస్ బయట రోడ్డు మీదే ధర్నాకి కూర్చున్నారు. ఓట్లతో వచ్చినాయన రోడ్డు మీద, ఉత్తర్వుతో వచ్చినావిడ బంగళాలో! 2021లో ఆవిణ్ణి తప్పించి, అప్పటి తెలంగాణ గవర్నర్ తమిళిసైకి అదనపు బాధ్యత ఇచ్చారు. రాకకైనా పోకకైనా యానాం ఓటరుతో పనేముంది?

సెక్రటరీ సంగతి ఇంకా చిక్కు. జైశంకర్ 2015 నుంచి 2018 దాకా మన ఫారిన్ సెక్రటరీ, అంటే అధికారి. 2019లో మంత్రి అయ్యారు. లండన్‌లో ఫారిన్ సెక్రటరీ అంటేనే మంత్రి. వాషింగ్టన్‌లో ఆ పని చేసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ చట్టసభలో ఉండకూడదు. అందుకే ఆ పదవిలోకి వెళ్తూ మార్కో రూబియో 2025లో సెనేట్ సీటు వదులుకున్నారు. ఇక్కడ దానికి తలకిందులు: సభ్యుడు కానివాడు మంత్రి అయితే ఆరు నెలల్లో సభలోకి రావాలి, లేదా దిగిపోవాలి. మన పేపర్లు 'అమెరికా విదేశాంగ మంత్రి' అని రాస్తాయి చూడండి, ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. చదివేవాడికి మనిషి స్థాయేంటో తెలుస్తుంది.

నా గోలంతా ఎందుకంటే, హోదా పేరు చూసి ఎవరితో పోట్లాడాలో తప్పు లెక్కలేసుకుంటున్నాం. అమెరికాలో ఉండే మా బావ ఫోన్ చేసినప్పుడల్లా "మీ మేయర్ పోలీస్ కమిషనర్ని మార్చొచ్చుగా" అంటాడు. న్యూయార్క్‌లో మార్చొచ్చు, అక్కడ కమిషనర్ని పెట్టుకునేదే మేయర్. హైదరాబాద్‌లో పోలీస్ కమిషనర్నీ, జీహెచ్‌ఎంసీ కమిషనర్నీ వేసేది రాష్ట్ర ప్రభుత్వం. మన మేయర్ని నేరుగా మనం ఎన్నుకోవడం కూడా లేదు, ఓటేసేది కార్పొరేటర్లూ, వేరే పదవి వల్ల సభ్యులయ్యే ఎక్స్ అఫీషియోలూ. రోజువారీ అధికారం జీహెచ్‌ఎంసీ కమిషనర్ చేతిలో ఉంటుంది.

కాబట్టి గుంత ఫోటో తీసి మేయర్ని ఒక్కరినే ట్యాగ్ చేసి చేతులు దులుపుకోకండి. కమిషనర్నీ, మున్సిపల్ శాఖనీ కూడా లాగండి.