రెండు అరటిపళ్లు తింటే భయం పోతుందట!

పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో మళ్లీ అదే మెసేజ్. "భయమా? సెరటోనిన్ తగ్గింది. రోజూ రెండు అరటిపళ్లు తినండి." కింద వరసగా దండాల బొమ్మలు. (సెరటోనిన్ అంటే నరాల మధ్య కబుర్లు మోసే రసాయనం లెండి.) అంత తేలికైతే బెజవాడ సూర్యారావుపేటలో అన్ని డాక్టర్ బోర్డులెందుకు? రావులపాలెం నుంచి ఒక లారీ గెలలు దింపుకుంటే సరిపోదూ!

అరటిపండులో సెరటోనిన్ ఉంది, నిజమే. కానీ అది రక్తంలోంచి మెదడులోకి దాటదు బాబూ. ఒంట్లో ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం పేగుల్లోదే. మెదడు తనకి కావాల్సింది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి తనే చేసుకుంటుంది. రక్తపరీక్షలో "తక్కువ" అని చూసి వణికేవాళ్లకి ఓ దండం. ఆందోళనకిచ్చే ఎస్సిటలోప్రామ్ లాంటి మాత్రలు వాడితే రక్తంలోని ప్లేట్‌లెట్ కణాలు సెరటోనిన్‌ని పీల్చుకోలేవు, రక్తంలో లెక్క ఇంకా పడిపోతుంది. మనిషి మాత్రం తేరుకుంటాడు! ఇప్పుడేమంటారు?

అసలు "తగ్గితే భయం" అన్న లెక్కే తప్పు. అదే సెరటోనిన్, మెదడు కణాల మీద దాన్ని అందుకునే గ్రాహకాల్లో (రిసెప్టర్లు) 2సీ అనేదాని మీద పడితే ఆందోళన పెంచుతుంది, 1ఏ అనేదాని మీద పడితే తగ్గిస్తుంది. అందుకే మాత్ర మొదలెట్టిన మొదటి వారం కొందరికి దడ ఇంకా పెరుగుతుంది. అది తెలిసిన డాక్టరు ఎస్సిటలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో మొదలెట్టి, వారమయ్యాక 10 చేస్తాడు. గుణం కనపడ్డానికి 2 నుంచి 6 వారాలు.

మనకి అంత ఓపికెక్కడిది? ఆరో రోజుకల్లా ఎవరో ఒక పిన్నిగారు దిగుతారు: "ఎందుకమ్మా ఆ మాత్రలు, అలవాటైపోతాయి." ఇంకొందరు నెలల తరబడి వాడి ఒక్కరోజులో ఆపేస్తారు. తల తిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు జలదరింపు. అదే జాతి మాత్ర పరాక్సెటిన్‌తో మరీ ఎక్కువ. మెల్లగా తగ్గించుకుంటూ రావాలని చీటీలో రాసుంటుంది, చదివితేగా! "చూశావా, అలవాటైంది" అంటారు పిన్నిగారు. నిజంగా అలవాటయ్యే మత్తుమాత్ర ఆల్ప్రాజోలం మాత్రం ఆవిడే చీటీ లేకుండా సందు చివర మెడికల్ షాపులో తెచ్చుకుంటారు. మోకాలి నొప్పికి ట్రమడాల్ ఒకటి. ఎస్సిటలోప్రామ్ వేసుకునేవాళ్లకి కూడా ప్రేమగా అదే ఇస్తారు. రెండూ కలిస్తే సెరటోనిన్ మోతాదు మించి వణుకు, చెమటలు, జ్వరం రావచ్చని ఎవరికి పట్టింది?

ఇక హాస్టళ్లు. ఇంటర్ పిల్లాణ్ణి తెల్లారకుండా లేపి, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్‌లో కూర్చోబెట్టి, వారం వారం ర్యాంకులు గోడకి అంటిస్తారు. వాడికి గుండె దడ వస్తే సెరటోనిన్ తక్కువంట! ఆదివారం ఔటింగ్‌లో డజను అరటిపళ్లు చేతిలో పెట్టి వస్తారు. ఆ గోడ గురించి గ్రూపులో ఒక్కరూ మాట్లాడరు. ఎలా మాట్లాడతారు, వచ్చే ఏడు రెండోవాణ్ణీ అక్కడే చేర్పించాలాయె!