మురికిని మురికిగానే కడగవలెను

అక్వేరియం కింద అల్మారాలో దాక్కునే క్యానిస్టర్ ఫిల్టర్‌ని తయారుచేసినవాడికి యంత్రాల కంటే మనుషులే బాగా తెలిసుండాలి. మనం అడిగింది మురికి తీసెయ్యమని. అతను ఆ మురికిని ఒక డబ్బాలోకి చేర్చి, మూత పెట్టి, క్లిప్పులు బిగించి, అల్మారా తలుపు మూసేశాడు. మనకి నిజంగా కావలసింది కూడా అదేనని కనిపెట్టడంలోనే ఉంది అతని ప్రతిభంతా.

ఏర్పాటు మాత్రం ఘనంగా ఉంటుంది. ట్యాంకులోంచి ఒక గొట్టం కిందికి, ఒక గొట్టం పైకి. నీళ్లు తమంతట తామే కిందికి దిగుతాయి. చేపల విసర్జన, మిగిలిపోయిన మేత, కుళ్లిన ఆకులు గరుకు స్పాంజి దగ్గర ఆగిపోతాయి. నీళ్లు పింగాణీ రింగుల సందుల్లోంచి, మెత్తటి దూదిలోంచి సాగి, మూత కింద తిరిగే ఇంపెల్లర్ అనే చిన్న రెక్కల చక్రం తోస్తే పైకెక్కి, స్ప్రే బార్ అనే చిల్లుల గొట్టం కన్నాల్లోంచి పడతాయి. చూడ్డానికొచ్చినవాళ్లు "అబ్బ, నీళ్లు అద్దంలా ఉన్నాయే" అంటారు. మనం వినయంగా తలొంచుకుంటాం. ఆ నీళ్లు కాసేపటి క్రితం ఎక్కడెక్కడ తిరిగొచ్చాయో మాత్రం చెప్పం. చెత్తబుట్టకి మూత పెట్టి, ఆ మూతకి కన్నం పెట్టి, అందులోంచి వచ్చే గాలినే పీలుస్తున్నామని ఎవరు మాత్రం చెప్పుకుంటారు? స్పాంజిలో ఆగిన మురికి ట్యాంకుని వదిలిపోయినట్టు కాదు. అక్కడే కుళ్లి, కరిగి, చివరికి నైట్రేటుగా మారి మళ్లీ పై అంతస్తుకే వస్తుంది. దాన్ని ఇంట్లోంచి పంపించాలంటే బకెట్టు పట్టుకుని నీళ్లు మార్చాల్సిందే. ఈ చిన్న సంగతి డబ్బా మీద అచ్చెయ్యడానికి ఎందుకో చోటు సరిపోదు.

స్పాంజిని నెలకో రెండు నెలలకో ఒకసారి పిండాలంటారు. నేను ఆరు నెలలు ముట్టుకోలేదు. బద్ధకమని తొందరపడి అనకండి, అది నేను బాగా ఆలోచించి ఏర్పరచుకున్న సిద్ధాంతం. స్ప్రే బార్ ధార మొదట్లో ట్యాంకు అవతలి అద్దాన్ని కొట్టేది. మూడో నెలకి సగం దూరం పోయి అలిసిపోయింది. అయిదో నెలకి కన్నం దాటడానికే మొహమాటపడి, బార్‌ని అంటిపెట్టుకుని కారడం మొదలెట్టింది. "చేపలకి నెమ్మదైన ప్రవాహమే ఇష్టం" అని నేను వ్యాఖ్యానం రాసుకున్నాను. ఫిల్టర్ గురగురమంటే, పని చేస్తోందనడానికి అదే సాక్ష్యమన్నాను. గంటకి ఇన్ని లీటర్లని డబ్బా మీద వేసే అంకె చాలావరకు లోపల స్పాంజి, రింగులు ఏవీ లేకుండా కొలిచిందే. తయారుచేసినవాళ్లకే లేని పట్టింపు నాకెందుకు?

ఆరో నెలలో ఒక ఆదివారం ఉన్నట్టుండి నాలో శుభ్రత మేల్కొంది. బద్ధకస్తుడికి పూనకం వస్తే బద్ధకం కంటే ఎక్కువ నష్టం చేస్తాడు. ఫిల్టర్‌ని కుళాయి కింద పెట్టాను. రింగుల్ని పాత టూత్ బ్రష్‌తో ఒక్కొక్కటీ తోమి మల్లెమొగ్గల్లా తెల్లగా చేశాను. స్పాంజి ఉతికి ఆరేశాను. దూది ఎటూ పారేసేదే కాబట్టి పారేశాను. గొట్టాల్లో పేరుకున్న గోధుమ రంగు జిగురుని కూడా పొడుగాటి బ్రష్‌తో వదలగొట్టాను. సాయంత్రానికి అది షాపులోంచి ఇప్పుడే తెచ్చినట్టుంది. ఇంటావిడ కూడా మెచ్చుకుంది. ఆవిడ మెచ్చుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మూడో రోజుకి నీళ్లు పాలల్లా తెల్లబడ్డాయి. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి నాతో ఏదో చెప్పబోతున్నట్టు నిలబడ్డాయి. అమ్మోనియా పరీక్ష చేస్తే, పసుపుగా ఉండాల్సిన పరీక్ష గొట్టం చక్కటి ఆకుపచ్చ రంగులోకి తిరిగింది. అంత అందమైన ఆకుపచ్చని నేను మొక్కల్లో కూడా చూడలేదు.

అప్పుడు తెలిసిందేమంటే, నేను కడిగింది మురికిని కాదు, ప్రభుత్వాన్ని. అల్మారాలో ఆ చీకట్లో, ఆ జిగురులో ఒక పాలనా యంత్రాంగం నడుస్తోంది. అందులో ఉద్యోగులు కంటికి కనపడని బ్యాక్టీరియా. చేపలు వదిలే విషమైన అమ్మోనియాని వాళ్లలో కొందరు నైట్రైటుగా మారుస్తారు. ఆ నైట్రైటు కూడా విషమే కాబట్టి ఫైలు అక్కడితో ఆగదు, పక్క బల్లవాళ్లు దాన్ని నైట్రేటు చేస్తారు. ఇలాంటి సూక్ష్మజీవుల్ని వినోగ్రాద్‌స్కీ అనే శాస్త్రవేత్త 1890 నాటికే వేరుచేసి చూపించాడు. రెండో బల్ల దగ్గర కూర్చున్నది నైట్రోబాక్టర్ అనే బ్యాక్టీరియా అని అక్వేరియం లోకం చాలాకాలం నమ్మింది. తీరా 1998లో మంచినీటి అక్వేరియాల్లో వెతికి చూస్తే, అక్కడ పని చేస్తున్నది నైట్రోస్పైరా అనే వేరే బ్యాక్టీరియా. ఇన్నేళ్లూ పేరు ఒకరిది, చాకిరీ ఇంకొకరిది. ఆఫీసుల్లో పనిచేసినవాళ్లెవరికీ ఇందులో వింత కనపడదు. 2015లో ఇంకో విశేషం బయటపడింది. అమ్మోనియా నుంచి నైట్రేటు దాకా మొత్తం పని ఒక్కటే చేసిపెట్టే నైట్రోస్పైరా కూడా ఉందట. అంటే సింగిల్ విండో. అది దొరికిన చోట్లలో ఒకటి చేపల పెంపకానికి వాడే ఫిల్టరేనట. మనుషులు కమిటీలు వేసుకుని సాధించలేనిది జిగురు పట్టిన డబ్బాలో నిశ్శబ్దంగా అయిపోయింది.

ఇంత పెద్ద యంత్రాంగాన్ని నేను టూత్ బ్రష్‌తో రద్దు చేశాను. కుళాయి నీళ్లలో క్లోరిన్ కలిపేదే బ్యాక్టీరియాని చంపడానికి. అది నువ్వు మంచివాడివా, చెడ్డవాడివా, ఏ శాఖ అని అడిగి చంపదు. కొత్త యంత్రాంగం కుదురుకోవాలంటే వారాలు పడుతుంది. అప్పటిదాకా రోజూ బకెట్లు మోసే ఆపద్ధర్మ ప్రభుత్వం నేనే.

అందుచేత ఇప్పుడు నా ఇంట్లో కొత్త శాసనం అమల్లో ఉంది: మురికిని మురికి నీళ్లతోనే, మురికిగానే కడగవలెను. ట్యాంకు నీళ్లు మార్చేటప్పుడు తీసిన పాత నీళ్లనే బకెట్టులో పోసి, స్పాంజిని అందులో నాలుగుసార్లు పిండుతాను. రింగుల బుట్టని రెండుసార్లు ముంచి లేపుతాను, అంతే. బ్రష్ ఇంట్లో ఉన్నట్టే వాటికి తెలియనివ్వను. దూది మారిస్తే ఆ రోజు స్పాంజి జోలికి పోను. ఇదంతా చూసి ఇంటావిడ, "ఏమండీ, కడిగారా, తడిపారా?" అని అడిగింది. "సంస్కరణలు క్రమంగా జరగాలి" అన్నాను. ఆవిడ ఆ బకెట్టు వైపు చూసి, సంస్కరణల రంగు చూసి, మాట్లాడకుండా వెళ్లిపోయింది.

మొహమాటం లేకుండా తోమదగ్గది ఒక్క ఇంపెల్లరే. దాని గూట్లో జిగురు చేరితే ప్రవాహం సగమవుతుంది, గురగుర మొదలవుతుంది. ఆర్నెల్లు నేను సాక్ష్యంగా చూపించిన శబ్దం ఇదేనన్నమాట. దాని మధ్యలో సన్నటి పింగాణీ కడ్డీ ఉంటుంది. అది కొంచెం బలంగా లాగినా పుటుక్కుమంటుంది. ఎలా తెలుసని అడక్కండి. ఇక మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు స్వభావం వేరు. దాని మీద ఒక్క ఇసుక రేణువు చిక్కుకున్నా పగ పెట్టుకుని, అందరూ పడుకున్నాక బొట్టు బొట్టుగా తీర్చుకుంటుంది. దానికి సిలికాన్ గ్రీజు రాయాలి. చేతికందిన పెట్రోలియం జెల్లీ రాస్తే కొన్ని రకాల రబ్బరు ఉబ్బి పాడవుతుంది. వాల్వులు మూశామన్న నమ్మకంతో గొట్టం పీకేవాళ్లకి చెప్పేదేమంటే, నమ్మకం మీకే, నీళ్లకి లేదు. పైన ట్యాంకు నిండా నీళ్లున్నాయి, కింద నేలంతా ఖాళీగా ఉంది, వాటికి వేరే ప్రోత్సాహం అక్కర్లేదు. వాల్వుల కంటే ముందు ప్లగ్గు పీకాలన్నది వేళాకోళం కలపకుండా చెబుతున్నాను.

మొన్న మళ్లీ శాసనం ప్రకారమే అంతా చేశాను. డబ్బా నిండా నీళ్లు నింపి, క్లిప్పులు బిగించి, స్విచ్చి వేసి, లోపల చిక్కుకున్న గాలి పోయేదాకా ఫిల్టర్‌ని పసిపిల్లాడిలా అటూ ఇటూ ఊపాను. అది రెండుసార్లు త్రేన్చింది. మూడోసారి స్ప్రే బార్‌లోంచి, కదిలిన మడ్డి అంతా గోధుమ రంగు మేఘంలా ట్యాంకు నిండా కమ్ముకుంది. పావుగంట ఆగితే అదే సర్దుకుంటుంది. సరిగ్గా ఆ పావుగంటలోనే చుట్టాలు దిగారు. పెద్దాయన అద్దానికి ముక్కు ఆనించి చేపల కోసం వెతుకుతుంటే, "ఇప్పుడే శుభ్రం చేశానండీ" అన్నాను.