గుమ్మడి వడియాలు – బట్టతల

(మోకాళ్ల నొప్పితో మేడమెట్లు ఎక్కలేని సుశీల, రిటైరైన జంతుశాస్త్ర లెక్చరరు. నాలుగు రోజులుగా డాబా మీద వడియాలకు కాపలా కాస్తున్న రంగారావు, రిటైరైన అకౌంటెంటు.)

రంగారావు: నా నెత్తి నానబెట్టిన పెసరపప్పులా పొట్టు వదులుతోంది. అంతా నువ్వు మార్చిన కొబ్బరినూనె మహిమ!

సుశీల: నూనెను ఆడిపోసుకోకండి. అది ఎండదెబ్బ. అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మకణం డీఎన్‌ఏలో పక్కపక్కనున్న థైమిన్ అనే అక్షరాలు రెండూ అతుక్కుపోతాయి. ఇంతకీ, గొడుగు ఇచ్చి పంపానుగా?

రంగారావు: గొడుగు సంగతి తర్వాత. అతుక్కుంటే విడదీయాలి గానీ, పొట్టు ఊడడమెందుకు?

సుశీల: మరమ్మతూ జరుగుతుంది. అతుకున్న చోట దాదాపు 30 అక్షరాల ముక్కను కత్తిరించి పారేసి, డీఎన్‌ఏ జంట పోగుల్లో ఎదుటి పోగును చూసి కణం మళ్లీ రాసుకుంటుంది. ఆ పని ఎలా సాగుతుందో తేల్చిన శాస్త్రవేత్త అజీజ్ సాన్‌జార్‌కు 2015 రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది.

రంగారావు: రెండక్షరాల తప్పుకు ముప్పై కొట్టివేతలా? మా ఆడిట్ వాళ్లు ఊరుకునేవారు కాదు.

సుశీల: ఇక్కడా ఆడిట్ ఉంది. పీ53 అనే ప్రోటీను. లెక్క సరిచేసేదాకా విభజన జరగనివ్వదు. నష్టం మరీ ఎక్కువైతే కణాన్ని చచ్చిపొమ్మంటుంది. ఆ చచ్చినవే మీ పొట్టు.

రంగారావు: అచ్చం మీ అమ్మే!

సుశీల: మా అమ్మ మిమ్మల్ని బతకనిచ్చింది.

రంగారావు: నా నెత్తి మీద మూకుమ్మడి ఆత్మహత్యలా? నన్ను ఒక్క మాటైనా అడగకుండా?

సుశీల: చెడిన కణం బతికి పిల్లలను పెడితేనే క్యాన్సర్ భయం. మనకు పీ53 జన్యువు ఒక్కటే. ఏనుగుకు 20 నకళ్లున్నాయి. అంత ఒళ్లున్నా దానికి క్యాన్సర్ తక్కువ.

రంగారావు: ఇరవై మంది అత్తగార్లు! పాపం ఏనుగు.

సుశీల: అవునూ, ఈ చొక్కాకు సిగరెట్ వాసనేమిటి?

రంగారావు: అది... పొగకు కాకులు రావని...

సుశీల: ఆ పొగలోని బెంజోపైరీన్ అనే రసాయనం కూడా డీఎన్‌ఏకు బంకలా పడుతుంది. దాన్నీ ఆ కత్తిరింపు ముఠాయే వదిలించాలి. 1915లో జపాన్‌లో యమగివా అనే శాస్త్రవేత్త కుందేళ్ల చెవులకు తారు పూసి పూసి క్యాన్సర్ తెప్పించి చూపాడు. ఆ తారులోనూ ఇది ఉంటుంది.

రంగారావు: నేను చెవులకు పూసుకోలేదుగా!

సుశీల: ఆ తెలివికేం తక్కువ లేదు. దెబ్బ తగిలిన కబురందగానే పక్కనున్న రంగుకణాలు మెలనిన్ అనే రంగును పంపుతాయి. చర్మకణం దాన్ని కేంద్రకం పైన, ఎండ వచ్చే వైపు, గొడుగులా పట్టుకుంటుంది. కంటికి ఆనని కణానికే అంత బుద్ధి ఉంది. మీ గొడుగేదీ?

రంగారావు: వడియాల మీద వేశాను. కాకులు తంతాయని.

సుశీల: నాలుగు రోజులూనా?

రంగారావు: ఒక్క వడియమైనా పోలేదు తెలుసా!

సుశీల: ఎలా పోతాయి? ఇంకా పిండిగానే ఉన్నాయి!